డంజన్స్ అండ్ డ్రాగన్స్ మీద తిరుగుతున్న పోస్టుకు జవాబు

ఫాంటసీ రోల్‌ప్లేయింగ్ ఆటల గురించి, అంటే ఒక్కొక్కరు ఒక్కో పాత్ర అయి కల్పిత లోకంలో సాహసాలు చేసే ఆటల గురించి, ఒక పోస్టు తెగ షేర్ అవుతోంది. అందులో ఉన్నది క్లుప్తంగా ఇది: "1974లో గ్యారీ గైగాక్స్ అనే అమెరికన్ ఒక్కడే కూర్చుని డంజన్స్ అండ్ డ్రాగన్స్ కనిపెట్టాడు. సరుకంతా 'లార్డ్ ఆఫ్ ది రింగ్స్' రచయిత టోల్కీన్ దగ్గర ఎత్తుకొచ్చిందే. కంప్యూటర్లు అందుబాటులో లేని రోజుల్లో కాగితం మీద ఆడిన వీడియో గేమ్ అది. పాచికలు వేయడం, అదృష్టం చూసుకోవడం, అంతే. గెలుపోటములు కూడా ఉండవు, ఖర్చు మాత్రం బోలెడు. ఆ పిచ్చిలో పడి పిల్లలు ప్రాణాలు తీసుకున్నారని అమెరికాలో రుజువైంది."

ఇందులో ఒకటి రెండు సగం నిజాలున్నాయి, అందుకే జనం నమ్మేస్తున్నారు. అసలు ఈ ఆట ఎలా నడుస్తుందో రాసినవాళ్లు ఒక్కసారైనా చూసినట్టు లేదు. రూల్స్‌లో ఎక్కడా లేని పని చేస్తానని ఆటగాడు అంటాడు. బల్లకు అటువైపు కూర్చున్న మనిషి, అంటే ఆట నడిపే రిఫరీ, కాసేపు ఆలోచించి, ఏం జరిగిందో చెబుతాడు. ఈ ఆటకు ప్రాణం అక్కడుంది. అది ఎలా పుట్టిందో తెలిస్తే పోస్టులోని మొదటి వాక్యమే నిలవదు.

"గైగాక్స్ ఒక్కడే కనిపెట్టాడు."

1974 జనవరిలో వెయ్యి కాపీలతో, పది డాలర్ల ధరకు వచ్చిన మొదటి పెట్టెలో మూడు చిన్న పుస్తకాలుండేవి. వాటి మీద రచయితల పేర్లు రెండున్నాయి: గైగాక్స్, ఆర్నెసన్. ఇంతకంటే సూటి జవాబు అక్కర్లేదు కానీ, కథ అంతకు చాలా ముందే మొదలైంది.

ఒకప్పటి జర్మన్ రాజ్యం ప్రష్యాలో సైన్యాధికారుల శిక్షణ కోసం రైస్విట్జ్ అనే తండ్రీకొడుకులు ఒక యుద్ధక్రీడ తయారు చేశారు. కొడుకు 1824లో దానికి పక్కా రూపం ఇచ్చాడు. మ్యాపు, దళాలకు గుర్తుగా చిన్న దిమ్మలు, పాచికలు, మధ్యలో ఒక అంపైరు. రెండు పక్షాలూ తమ ఆజ్ఞలను అంపైరుకే చెప్పాలి. శత్రువు కంటికి ఎంతవరకు కనిపిస్తాడో అంతవరకే ఆయన చూపిస్తాడు. పోనుపోను పట్టికలు, లెక్కలు పెరిగి ఆట నత్తనడకన సాగేసరికి, 1876లో వెర్డీ డు వెర్న్వా అనే అధికారి ఆ పట్టికలను పక్కన పెట్టేసి, అనుభవమున్న అంపైరు తీర్పుతోనే ఆట నడపొచ్చన్నాడు. 1880లో అమెరికా సైన్యంలో లెఫ్టినెంట్‌గా ఉన్న చార్లెస్ టాటెన్ ఇలాంటి క్రీడల మీద 'స్ట్రాటెగోస్' అనే పుస్తకం వేశాడు. ఎవరికీ పట్టని ఆ పుస్తకం దశాబ్దాల తర్వాత మిన్నెసోటా యూనివర్సిటీ లైబ్రరీలో డేవిడ్ వెస్లీ అనే యువకుడి కంటపడింది. ఆటగాడు ఏం చేస్తానన్నా సరే, దానికి తీర్పు చెప్పడం రిఫరీ పని అన్న ఆలోచన ఆయన్ను పట్టేసింది.

1969లో వెస్లీ తన మిత్రులతో నెపోలియన్ కాలం నాటి యుద్ధం ఆడించాలనుకున్నాడు. స్థలం బ్రౌన్‌స్టైన్ అనే ఊహాజనిత జర్మన్ పట్టణం. సేనాపతులు ఎటూ ఉంటారు. మిగిలినవాళ్లు ఊరికే కూర్చోకుండా ఒకరికి మేయర్ పాత్ర, ఒకరికి బ్యాంకర్ పాత్ర, ఇంకొకరికి యూనివర్సిటీ పెద్ద పాత్ర ఇచ్చాడు. యుద్ధం మొదలుకానే లేదు. ఆటగాళ్లు మూలమూలలకూ వెళ్లి గుసగుసలాడుకుంటూ ఎత్తులు వేయడం మొదలుపెట్టారు. ఇద్దరైతే ద్వంద్వయుద్ధానికి దిగుతామన్నారు. దానికి వెస్లీ దగ్గర రూలే లేదు, అక్కడికక్కడ ఒకటి కల్పించాడు. అంతా రసాభాస అయిందని ఆయన డీలా పడితే, మిత్రులు మాత్రం మళ్లీ ఎప్పుడు ఆడదామని వెంటపడ్డారు. రోల్‌ప్లేయింగ్ ఆట పుట్టిన క్షణం ఏదని ఎవరైనా నన్నడిగితే, నేను ఆ ద్వంద్వయుద్ధాన్నే చూపిస్తాను.

ఆ మిత్రబృందంలోని డేవ్ ఆర్నెసన్ 1971 నాటికి 'బ్లాక్‌మూర్' అనే సొంత లోకం కట్టి ఆడించసాగాడు. అందులో ఒక కోట, కోట కింద సొరంగాలు, సొరంగాల నిండా రాక్షసులు. వారం వారం అవే పాత్రలు కొనసాగేవి, అనుభవం కొద్దీ బలపడేవి. గైగాక్స్, జెఫ్ పెరెన్ కలిసి అదే ఏడాది తెచ్చిన 'చెయిన్‌మెయిల్' యుద్ధ నియమాలతో ఆర్నెసన్ మొదట పోరాటాలు నడిపాడు. వాటి ప్రకారం ఒక్క దెబ్బకు మనిషి ఖతం. ఎంతో ముచ్చటపడి పెంచుకున్న పాత్ర ఒక్క పాచికతో చచ్చిపోతుంటే ఆటగాళ్లకు మనసొప్పలేదు. దాంతో ఓడల యుద్ధక్రీడల్లోని పద్ధతి తెచ్చాడు. ఓడ ఎన్ని దెబ్బలు తట్టుకుంటుందో లెక్క ఉన్నట్టే మనిషికీ ఒక లెక్క. ఈనాటి ప్రతి గేములోనూ కనిపించే 'హిట్ పాయింట్లు' అవే.

1972 చివర్లో ఆర్నెసన్ విస్కాన్సిన్‌లోని లేక్ జెనీవా వెళ్లి గైగాక్స్ బృందానికి ఈ ఆట చూపించాడు. ఇక్కడ గైగాక్స్‌కు దక్కాల్సింది దక్కాలి. ఆర్నెసన్ బుర్రలోనూ చిత్తుకాగితాల మీదా ఉన్నదాన్ని ఇతరులు చదివి ఆడుకోగలిగే నియమాలుగా రాసింది ఆయనే. 1973 అక్టోబర్‌లో చిన్ననాటి స్నేహితుడు డాన్ కేతో కలిసి టీఎస్ఆర్ సంస్థ పెట్టి అచ్చేయించిందీ ఆయనే. ఆ పట్టుదల లేకపోతే బ్లాక్‌మూర్ ఒక స్నేహబృందం జ్ఞాపకంగా మిగిలిపోయేది. కానీ ఒక్కడే కనిపెట్టాడనడం ఆర్నెసన్‌కు చేసే అన్యాయం. తనకు రావాల్సిన వాటా కోసం ఆయన 1979లో కోర్టుకెక్కాడు. 1981లో ఇరుపక్షాలూ రాజీకి వచ్చాయి.

"సరుకంతా టోల్కీన్‌దే."

టోల్కీన్ కథల్లో కనిపించే ఎల్ఫులు, డ్వార్ఫులు, ఓర్కులు అనే జీవులు ఈ ఆటలో ఉన్న మాట నిజం. మొదట్లో హాబిట్లు, ఎంట్లు, బాల్‌రాగ్‌లు కూడా ఉండేవి. 1977లో టోల్కీన్ రచనల హక్కులున్న సంస్థ అభ్యంతరం చెప్పాక హాబిట్లు 'హాఫ్‌లింగ్'లు అయ్యాయి, ఎంట్లు 'ట్రియెంట్'లు, బాల్‌రాగ్ 'బేలర్' అయ్యాయి. కాబట్టి టోల్కీన్ దగ్గర అప్పు లేదని ఎవరూ అనరు. అప్పంతా ఆయన దగ్గరే అనడం తప్పు.

ఆట నడిచే తీరు చూడండి. మాంత్రికుడు ముందుగా మంత్రాలు కంఠస్థం చేసుకుంటాడు, ఒకటి ప్రయోగించగానే అది బుర్రలోంచి చెరిగిపోతుంది. ఇది జాక్ వాన్స్ కథల్లోది. టోల్కీన్ మాంత్రికుడు గండాల్ఫ్ ఇలా చేయడు. గాయాలు వాటంతటవే మానిపోయే ట్రోల్, పాలడిన్ అనే ధర్మవీరుడు పోల్ ఆండర్సన్ నవల నుంచి వచ్చారు. సొమ్ము కోసం పాడుబడ్డ గోరీల్లోకి దిగే సాహసులు రాబర్ట్ హోవర్డ్, ఫ్రిట్జ్ లైబర్ల కథానాయకులకు దగ్గరి చుట్టాలు. ఈ ఆటలో రిఫరీని డంజన్ మాస్టర్ అంటారు; 1979లో వచ్చిన డంజన్ మాస్టర్ గైడ్ చివర 'అపెండిక్స్ ఎన్' పేరుతో గైగాక్స్ తనను ప్రభావితం చేసిన రచయితల జాబితా ఇచ్చాడు. అందులో చాలామంది ఉన్నారు, టోల్కీన్ వాళ్లలో ఒకరు.

ఏ పుస్తకంలోనూ లేనివీ ఉన్నాయి. ఇనుమును తినేసే 'రస్ట్ మాన్‌స్టర్' రూపం చౌకరకం ప్లాస్టిక్ బొమ్మను చూసి వచ్చింది. 'జెలటినస్ క్యూబ్' అనే జిగురుముద్ద నాకు మరీ ఇష్టం. గ్రాఫ్ పేపర్ మీద ఒక గడి అంటే పది అడుగులు. ఆ గడికి సరిగ్గా సరిపోయేలా, సొరంగం నిండుగా కదిలే ఘనాకార జీవిని సృష్టించారు. సాహిత్యంతో దానికి సంబంధం లేదు, ఆట బల్ల మీదే పుట్టింది.

"కాగితం మీద ఆడిన వీడియో గేమ్."

కాలక్రమం తలకిందులైంది. పెట్టె బయటికొచ్చిన ఏడాదికే, 1975లో, ఇల్లినాయ్ యూనివర్సిటీ ప్లేటో కంప్యూటర్ వ్యవస్థ మీద విద్యార్థులు ఈ ఆటను అనుకరిస్తూ ప్రోగ్రాములు రాశారు. వాటిలో ఒకదాని పేరు 'పెడిట్5'. పాఠాల కోసం కేటాయించిన ఫైలు పేరుతో దాన్ని దాచి ఉంచారు, అధికారులు కనిపెట్టి తీసేశారు. లెవెళ్లు, అనుభవ పాయింట్లు, యోధుడు, మాంత్రికుడు అనే తరగతులు అన్నీ బల్ల మీది ఆట నుంచి కంప్యూటర్‌లోకి వెళ్లాయి. వెళ్లనిది ఒక్కటే, ఆ అంపైరు. ప్రోగ్రామర్ ఊహించని పని వీడియో గేములో చేయలేం.

"పాచికలు వేసి అదృష్టం చూసుకోవడమే."

నలుగురు బల్ల చుట్టూ కూర్చున్నారనుకోండి. రిఫరీ చెబుతోంది: "కోట వెనక తలుపు మూసి ఉంది. లోపల కాపలావాడు దగ్గుతున్నాడు." దొంగ పాత్ర ఆడుతున్న కుర్రాడు తాళం తీస్తానంటాడని అందరూ ఎదురుచూస్తారు. వాడేమో, "నేను తలుపు దబదబా బాది, 'డ్యూటీ మారే టైమైంది, తియ్యరా బాబూ, చలికి చస్తున్నా' అంటాను" అన్నాడు.

రిఫరీ ఆలోచిస్తుంది. కాపలావాడు అలిసిపోయి ఉన్నాడు, కానీ గొంతు కొత్తగా ఉంది. నమ్మొచ్చు, నమ్మకపోవచ్చు. ఇలాంటి సందేహం ఉన్నప్పుడే పాచిక కావాలి. "15 దాటించాలి లేదా సరిగ్గా 15 రావాలి" అంటుంది. ఇరవై ముఖాల పాచిక వేసి, పాత్రకున్న మాటకారితనానికి 5 కలుపుతారు. అంటే పాచిక మీద 10 గానీ అంతకుమించి గానీ పడితే చాలు. అవకాశం నూటికి 55. ఇదే కుర్రాడు ముందురోజు సత్రంలో రెండో కాపలావాడి పేరు కనుక్కుని ఉండి, ఇప్పుడు ఆ పేరు వాడితే? 2014 నాటి ఐదో ఎడిషన్ పద్ధతిలో రిఫరీ 'అడ్వాంటేజ్' ఇస్తుంది. రెండు పాచికలు వేసి పెద్దది తీసుకోవాలి. అవకాశం దాదాపు 80కి పెరుగుతుంది. ఆ కాపలావాడికి నిన్ననే లంచం ఇచ్చి ఉంటే అసలు పాచికే అక్కర్లేదు, తలుపు తెరుచుకుంటుంది.

ముందుచూపుతో అవకాశాలను మనవైపు తిప్పుకోవడమే ఆడటమంటే. పాత్రకు బలం, చురుకుదనం, దేహదారుఢ్యం, తెలివి, వివేకం, ఆకర్షణ అని ఆరు గుణాలుంటాయి. మొదట్లో ఒక్కోదానికి మూడు మామూలు పాచికలు వేసి కూడేవాళ్లు. 216 రకాలుగా పడే ఆ పాచికల్లో 18 వచ్చేది ఒకే ఒక్క రకంగా. అంతంతమాత్రం అంకెలతో కూడా గొప్పగా ఆడేవాళ్లున్నారు. ఇక 1991లో వచ్చిన 'యాంబర్' ఆటలో పాచికలే లేవు. పోస్టు రాసినవాళ్లు రోల్‌ప్లేయింగ్ అంటే డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఒక్కటే అనుకున్నారు. 1977లో అంతరిక్షయానం మీద 'ట్రావెలర్', 1981లో భయానక పరిశోధనల మీద 'కాల్ ఆఫ్ కథూలూ' వచ్చాయి. 1984లో జర్మనీలో జర్మన్ భాషలోనే 'దస్ ష్వార్జె ఆగె' వచ్చింది.

గెలుపోటములు లేవన్న మాట నిజమే. అందరూ ఒకే పక్షం, రిఫరీ వాళ్లకు శత్రువు కాదు. అది లోపమెలా అవుతుందో నాకు అర్థం కాదు. ఖర్చంటారా, ఐదో ఎడిషన్ మూల నియమాలను 2023 జనవరిలో క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద విడుదల చేశారు, ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు. మొత్తం నియమాలు ఒకే పేజీలో ఉన్న ఆటలూ ఉన్నాయి.

"పిల్లలు ప్రాణాలు తీసుకున్నారని రుజువైంది."

నాకు కోపం తెప్పించింది ఈ వాక్యమే. 1979 ఆగస్టులో మిషిగన్ స్టేట్ యూనివర్సిటీలో 16 ఏళ్ల విద్యార్థి ఒకడు కనిపించకుండా పోయాడు. కుటుంబం పెట్టుకున్న ప్రైవేట్ డిటెక్టివ్, ఆ కుర్రాడు క్యాంపస్ కింది ఆవిరి సొరంగాల్లో ఈ ఆట ఆడుతూ తప్పిపోయి ఉండొచ్చని అనుమానపడ్డాడు. పత్రికలకు అంతకంటే ఏం కావాలి? దేశమంతా అదే వార్త. నెల రోజులకు కుర్రాడు లూసియానాలో దొరికాడు. ఆ సొరంగాల్లోకి అతను ఆట కోసం వెళ్లలేదు, తీవ్రమైన కుంగుబాటులో, చనిపోవాలని వెళ్లాడు. చిన్న వయసులో పెద్ద చదువు, ఒంటరితనం, ఇంటి నుంచి ఒత్తిడి అతన్ని నలిపేశాయి. 1980లో అతను తన ప్రాణం తీసుకున్నాడు. ఆటకూ దీనికీ సంబంధం లేదని ఆ డిటెక్టివే 1984లో పుస్తకం రాసి చెప్పాడు. కానీ ఈలోపే, 1981లో నవల, 1982లో టీవీ సినిమా సొరంగాల కథను జనం మెదళ్లలో నాటేశాయి.

1983లో, ఆత్మహత్యతో కొడుకును పోగొట్టుకున్న ఒక తల్లి ఈ ఆటకు వ్యతిరేకంగా సంస్థ పెట్టింది. ఆమె దుఃఖం నిజమైనది, దాన్ని నేను తక్కువ చేయను. కానీ ఆమె వేసిన కేసును కోర్టు కొట్టేసింది. ఆ సంస్థ చూపించిన మరణాల జాబితాలను రచయిత మైఖేల్ స్టాక్‌పోల్ 1990లో వరుసగా పరిశీలించాడు. ఆయన అడిగిన ప్రశ్న చాలా మామూలుది. లక్షల మంది యువకులు ఆడే ఆట ఇది. ఆట ఆడినా ఆడకపోయినా ఆ వయసువాళ్లలో, అంత పెద్ద గుంపులో, దురదృష్టవశాత్తూ ఏటా కొన్ని ఆత్మహత్యలు జరుగుతాయి. ఆటగాళ్లలో ఆ లెక్క ఎక్కువగా ఉంటేనే ఆట మీద అనుమానపడాలి. జాబితాలోని కేసులు ఆ మామూలు లెక్క కంటే ఎంతో తక్కువ. అమెరికాలో ఆత్మహత్యల మీద అధ్యయనం చేసే నిపుణుల సంఘం, వ్యాధి నియంత్రణ కేంద్రం కూడా ఈ ఆటలకూ ఆత్మహత్యలకూ కార్యకారణ సంబంధం లేదనే తేల్చాయి.

రుజువైంది ఏదైనా ఉంటే అది. 1989లో రెండో ఎడిషన్ నుంచి కంపెనీ దెయ్యాల పేర్లు తీసేసి వేరే పేర్లు పెట్టింది. దాన్ని కూడా కొందరు తప్పు ఒప్పుకున్నట్టుగా చూపిస్తున్నారు. అది గొడవెందుకులే అని వెనక్కి తగ్గిన వ్యాపార నిర్ణయం. 2000లో వచ్చిన మూడో ఎడిషన్‌లో ఆ పేర్లు తిరిగొచ్చాయి.

ఆ పోస్టు ఇంకా షేర్ చేయాలనుకునేవాళ్లు టోల్కీన్ గురించి, పాచికల గురించి ఏమైనా రాసుకోండి, వాదించుకుందాం. చనిపోయిన పిల్లల గురించిన ఆ చివరి వాక్యం మాత్రం ముందు తీసేయండి.