మహారాజశ్రీ గీజరు గారికి

బాత్‌రూమ్ గోడ మీద, తలుపు పైన కొలువైన గీజరు గారికి ఒక గృహస్థు నమస్కరించి వ్రాయునది.

మిమ్మల్ని ఎంచుకోవడానికి పడ్డ తిప్పలు మా చెల్లి పెళ్లి సంబంధాలప్పుడు కూడా పడలేదు. పెళ్లికొడుక్కి జాతకంలో నక్షత్రం ఒక్కటే. మీ ఒంటి మీద అయిదు అతికించి ఉన్నాయి. షాపులో కుర్రాడు ఆ స్టిక్కర్ మీద వేలు పెట్టి, "ఫైవ్ స్టార్ సార్, కరెంటు తాగదు" అన్నాడు. తర్వాతెప్పుడో తీరిగ్గా చదివితే తెలిసింది. కాగిన నీళ్లను వాడకుండా వదిలేస్తే వేడి ఎంత నిదానంగా తగ్గుతుందో చెప్పే నక్షత్రాలట అవి. మా ఇంట్లో కాగిన నీళ్లను వదిలేసేదెవరు? స్విచ్ వేయగానే తుండు భుజాన వేసుకుని ముగ్గురు లైన్లో ఉంటారు.

మీరు తప్ప దిక్కులేక కాదు, వేరే సంబంధాలూ వచ్చాయి. అనంతపురంలో సొంతిల్లున్న బావగారు సోలార్ పెట్టించమన్నారు. ఆయన డాబా మీద ఎండకు కొదవ లేదు. మాది కూకట్‌పల్లిలో అయిదంతస్తుల అపార్ట్‌మెంట్, ఉండేది మొదటి అంతస్తు. పైనుంచి వేణ్నీళ్లు దిగొచ్చేలోపు పైపులో చల్లారినవి బకెట్టు దాకా పారబోసుకోవాలి. పక్క ఫ్లాటాయన గ్యాస్ గీజర్ అన్నారు. గాలాడని బాత్‌రూమ్‌లో అది వదిలే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు. ఆ సంబంధం నేనే వద్దన్నాను. బకెట్లో వేసే రాడ్ హాస్టల్ రోజుల నుంచీ నాకు పరిచయమే, కానీ నీళ్లు కాగాయో లేదో వేలు పెట్టి చూడటం మా నాన్నగారి అలవాటు. అమ్మ మాత్రం ఊరి నుంచి తెచ్చుకున్న డేగిసా వైపు ఓసారి చూసి ఊరుకుంది.

కుర్రాడు పాతిక లీటర్లది తీసుకోమన్నాడు. నేను లెక్క వేశాను. 60 డిగ్రీలకు కాగిన 15 లీటర్లలో అన్నే చన్నీళ్లు కలిపితే ఇద్దరికి చెరో బకెట్టు. మీ రెండు కిలోవాట్ల కాయిల్‌కు పట్టేది ఇరవై నిమిషాలు, అయ్యేది ముప్పావు యూనిట్‌కు కాస్త తక్కువ. కాగితం మీద ఎంత ముచ్చటగా ఉందో! ఆ లెక్కలో మా అబ్బాయి షవర్ లేదు.

మీ అసలు గుణం భోగి నాడు తెల్లవారుజామున బయటపడింది. ఇంటిల్లిపాదీ తలకు నూనె పెట్టుకుని కూర్చున్నాం. కుంకుడురసం సిద్ధం. పైన ట్యాంకు ఖాళీ. మీ కడుపులో 15 లీటర్లు సలసలా కాగుతున్నా చుక్క రాల్చలేదు. కింది నుంచి చన్నీళ్లు వచ్చి తోస్తే తప్ప పై గొట్టంలోంచి వేణ్నీళ్లు బయటికి రావట. వేణ్నీళ్లకు చన్నీళ్లు తోడన్న సామెతను ఇంత అక్షరాలా పాటించేవారిని మిమ్మల్నే చూశాను.

రెండేళ్లు తిరిగేసరికి మీ ఒంట్లో బాగాలేదు. ఇరవై నిమిషాల పని నలభైకి చేరింది, ఓ రోజు అదీ ఆగింది. మెకానిక్ విప్పితే గుప్పెళ్ల కొద్దీ తెల్లటి పెచ్చులు రాలాయి. "బోరు నీళ్లు సార్" అన్నాడు, ఇక చెప్పేదేముందన్నట్టు. ట్యాంకు తుప్పు పట్టకుండా తన ఒళ్లు కరిగించుకునే మెగ్నీషియం కడ్డీ ఒకటి లోపల ఉంటుందని అప్పుడే చూపించాడు. పుల్లంత మిగిలింది. (అందరూ అయ్యాక మిగిలిన గోరువెచ్చటి నీళ్లు పోసుకునేది మా అమ్మ. ఆ కడ్డీని చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది.) వారంటీ కార్డు తీస్తే ట్యాంకుకు అయిదేళ్లు, కాయిల్‌కు రెండేళ్లు. కాయిల్ పోయింది రెండేళ్ల పందొమ్మిది రోజులకు. నక్షత్రాలు లెక్కపెట్టిన మాలో ఒక్కరికీ కొనే ముందు మా నీళ్లు ఎలాంటివో చూసుకోవాలని తోచలేదు. అది మీ తప్పు కాదు లెండి.

ఒక్క విషయంలో మాత్రం మీకు రుణపడ్డాం. మే నెలలో డాబా మీది నల్ల ట్యాంకు ఎండకు కాగి, చన్నీళ్ల పంపు తిప్పితే చేయి కాలుతుంది. అప్పుడు మీ స్విచ్ జోలికి పోకుండా ఎర్ర గుర్తున్న పంపు తిప్పుతాం. రాత్రంతా మీ కడుపులో నీడపట్టున ఉన్న నీళ్లు చల్లగా దిగుతాయి. ఆ నెలంతా మొదటి బకెట్టు అమ్మదే.

ఇట్లు,
చలికాలమంతా మీ ఎర్రదీపం కేసి చూస్తూ నిలబడే
మీ గృహస్థు