నాలుక ఉంది కదా అని పిల్లిని అలా వదిలేయకండి

మా అపార్ట్‌మెంట్ గ్రూపులో మొదలై చుట్టాల గ్రూపుల దాకా పాకిన ఒక మెసేజ్ ఉంది. దాని సారాంశం ఇది: "పిల్లి తనని తానే శుభ్రం చేసుకుంటుంది. గ్రూమింగ్ అంటే డబ్బులు గుంజే వ్యాపారం. ఎండాకాలం ఇంట్లోనే ట్రిమ్మర్‌తో గుండు చేసేయండి. మీరు వాడే షాంపూతోనే స్నానం చేయించండి. వెంట్రుకల ఉండలు కక్కడం మామూలే, పట్టించుకోకండి." హైదరాబాద్‌లో ఎనిమిదేళ్ళుగా పిల్లులకు గ్రూమింగ్, అంటే దువ్వడం, జడలు తీయడం, గోళ్ళు కత్తిరించడం లాంటి పని చేస్తున్నాను. ఈ మాటలు నమ్మినవాళ్ళ పిల్లులు చివరికి నా బల్ల మీదికే వస్తాయి. అందుకే చూస్తూ ఊరుకోలేకపోతున్నాను.

మొదటి మాట సగం నిజం. మెలకువగా ఉన్నప్పుడు పిల్లి దాదాపు నాలుగో వంతు సమయం ఒళ్ళు నాక్కోవడానికే పెడుతుంది. నాలుక నిండా వెనక్కి వంగిన సన్నని ముళ్ళుంటాయి, మన గోళ్ళలో ఉండే పదార్థంతోనే తయారైనవి. అమెరికాలో జార్జియా టెక్ పరిశోధకులు వాటిని స్కాన్ చేసి 2018లో వివరాలు ప్రచురించారు. ఒక్కో ముల్లు కొన చిన్న చెంచాలా బోలుగా ఉంటుంది, ఉమ్మిని చర్మం దాకా మోసుకుపోతుంది. కానీ అదే పరిశోధనలో ఇంకో ముక్క ఉంది: పొడుగు బొచ్చు జాతి అయిన పర్షియన్ పిల్లి బొచ్చు ఎంత అణిగినా ఆ ముళ్ళు దాని చర్మాన్ని అందుకోలేవు. అంత బొచ్చు మనుషులు ముచ్చటపడి పెంచుకున్నది, నాలుక మాత్రం పాతదే. నా దగ్గరకు వచ్చేవాటిలో ఎక్కువ పర్షియన్లే. అందుబాటులో లేని చర్మాన్ని అవి ఎలా శుభ్రం చేసుకుంటాయి?

వయసులో ఉండి, ఆరోగ్యంగా తిరిగే పొట్టి బొచ్చు నాటు పిల్లిని మాత్రం నా దగ్గరకు తేవక్కర్లేదు. వారానికోసారి దువ్వి, గోళ్ళు చూసుకుంటే చాలు.

అసలు సమస్య ముసలి పిల్లులది. పోయినేడాది ఒకావిడ పదమూడేళ్ళ పర్షియన్‌ని తెచ్చారు. "ఈ మధ్య బద్ధకం ఎక్కువైందమ్మా, నాక్కోవడం కూడా మానేసింది" అన్నారు. నడుము దగ్గర్నుంచి తోక మొదలు దాకా బొచ్చు జడలు కట్టి, తడిసి ఆరిన గోనెపట్టాలా బిగుసుకుపోయింది. చెయ్యి పెడితే కింద చర్మం కదలడం లేదు. క్లిప్పర్‌ని చర్మానికి సమాంతరంగా పెట్టి కొంచెం కొంచెంగా తీస్తే, ఆ ముక్క మొత్తం ఒకే చెక్కలా ఊడి వచ్చింది. కింద చర్మం ఎర్రగా, చెమ్మగా ఉంది. ముందు కాలు పట్టుకుని చూస్తే ఒక గోరు గుండ్రంగా తిరిగి అరికాలి మెత్తలోకి దిగబడి ఉంది. వెంటనే వెట్ (పశువుల డాక్టర్) దగ్గరికి పంపాను. ఎక్స్‌రేలో తుంటి కీళ్ళు అరిగిపోయి కనిపించాయి. అది బద్ధకం కాదు, వెనక్కి తిరిగితే నొప్పి. పన్నెండేళ్ళు దాటిన 100 పిల్లుల ఎక్స్‌రేలు చూసిన ఒక అమెరికన్ అధ్యయనం 2002లో వచ్చింది. వాటిలో 90 పిల్లులకు కీళ్ళలోనో వెన్నులోనో అరుగుదల కనిపించింది. పిల్లి నొప్పిని బయటపెట్టదు, మూలన సర్దుకుని కూర్చుంటుంది. నాక్కోవడం మానడమే అది మనకు చెప్పే మాట. ఒళ్ళు పెరిగిన పిల్లి, పళ్ళు నొప్పిగా ఉన్న పిల్లి కూడా ఇలాగే మానేస్తాయి. ఒకేచోట బోడి అయ్యేదాకా నాక్కుంటున్నా అనుమానించాల్సిందే. ఒళ్ళంతా చేతితో తడిమి చూసేవాళ్ళు ఉంటే గడ్డలు, తామర మచ్చలు, చెవిలో నల్లటి మట్టి కూడా ముందే దొరుకుతాయి. తామర ఇంట్లో పిల్లలకు కూడా అంటుకుంటుంది.

ఇక గుండు సంగతి. మనకు ఉక్కపోస్తే పిల్లికీ అలాగే ఉంటుందనుకుంటాం. దువ్వి ఉంచిన బొచ్చు ఎండ వేడిని చర్మానికి తగలనివ్వకుండా ఆపుతుంది. అది తీసేస్తే ఎండ నేరుగా తగులుతుంది, తెల్ల పిల్లులకు మరీ ప్రమాదం. పైగా పిల్లి చర్మం చాలా పల్చన, జడతో పాటు పైకి లేచి వస్తుంది. కత్తెర పెడితే జడతో పాటు చర్మం కూడా తెగుతుంది. ఇంట్లో కత్తెరతో తీయబోయి కుట్లు వేయించుకున్న పిల్లుల్ని చూశాను. జడలు మరీ ముదిరిపోతే గుండు తప్పదు, అది కూడా చెయ్యి తిరిగినవాళ్ళే చెయ్యాలి. ఎండాకాలానికి రోజూ దువ్వడం, నీడ, ఫ్యాను, రెండు మూడు చోట్ల నీళ్ళ గిన్నెలు చాలు.

షాంపూ మాట చదివినప్పుడు మాత్రం నిజంగా భయమేసింది. పిల్లి ఒంటికి ఏది రాసినా అది కడుపులోకి వెళ్తుంది, నాక్కుంటుంది కాబట్టి. మన కాలేయం తేలిగ్గా విరిచేసే కొన్ని రసాయనాలను పిల్లి కాలేయం విరవలేదు. ఒక్క పారాసిటమాల్ మాత్ర పిల్లి ప్రాణం తీయగలిగేది అందుకే. మన షాంపూలు కొన్నిటిలో ఉండే టీ ట్రీ ఆయిల్ పిల్లికి విషం. కుక్కల మెడ మీద వేసే పిడుదుల మందుల్లో కొన్నిటిలో పెర్మెత్రిన్ అనే పురుగుమందు ఉంటుంది. అది పడితే పిల్లికి వణుకు, ఫిట్స్ వస్తాయి. పొరపాటున పడితే రేపు చూద్దాం అనకుండా అప్పుడే వెట్ దగ్గరికి పరిగెత్తండి.

నాక్కుంటూ మింగిన వెంట్రుకల ఉండ ఎప్పుడో ఒకటి కక్కితే టెన్షన్ అక్కర్లేదు. తరచూ కక్కుతుంటే చర్మంలోనో పేగుల్లోనో ఏదో ఉందని అర్థం. మెడ చాచి, నేలకు ఆనుకుని దగ్గుతూ ఏమీ కక్కకపోతే అది ఉబ్బసం కూడా కావచ్చు. తిండి మానేసి ఊరికే వాంతికి వచ్చినట్టు చేస్తుంటే పేగు అడ్డుపడిందేమో చూపించాలి. ఫోన్‌లో వీడియో తీసి తీసుకెళ్తే డాక్టర్‌కి సగం పని తగ్గుతుంది.

డబ్బులు గుంజేవాళ్ళు లేరని నేను అనను. ఉన్నారు. వారం వారం స్నానం ప్యాకేజీ అంటగట్టేవాళ్ళను నమ్మకండి, ఆరోగ్యంగా ఉన్న పిల్లికి అంత స్నానం అవసరం లేదు. మిమ్మల్ని లోపలికి చూడనివ్వకపోతే, కుక్కల పక్కనే బోనులో పెడితే, మెడ పట్టి నొక్కితే వద్దనండి. పిల్లి మరీ భయపడితే మధ్యలో ఆపేసి ఇంకో రోజు రమ్మనేవాళ్ళ దగ్గరికే వెళ్ళండి. "మేమే మత్తు ఇచ్చి చేసేస్తాం" అని గ్రూమర్ అంటే మాత్రం బుట్ట తీసుకుని బయటికి వచ్చేయండి. మత్తు ఇవ్వాల్సింది వెట్ ఒక్కరే.