పక్కింటికి ఆలస్యంగా చేరే నరాల దారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ రెటినోహైపోథాలమిక్ ట్రాక్ట్ గారికి,

మీ పేరు ఒక్క గుక్కలో పలకలేక 'దారి గారు' అని పిలుస్తున్నాం. ఏమీ అనుకోకండి.

తమరు రెటీనాలో బయల్దేరతారు, కంటి నరంలో మిగతా తంతువులతో కలిసి నడుస్తారు. రెండు నరాలూ కలుసుకునే కూడలి దగ్గర పైకి మళ్లి సుప్రాకయాస్మాటిక్ కేంద్రకంలోకి దిగుతారు. ఆ పేరుకి అర్థమే 'కూడలి మీదున్నది' అని. కుడి ఎడమలు కలిపి దాదాపు 20,000 నాడీకణాలున్న ఆ కేంద్రకమే ఒంటికంతటికీ వేళ చెప్పే పెద్ద గడియారం. అది కూడలిని ఆనుకునే ఉంది కాబట్టి ఇల్లు కనుక్కోలేకపోయామంటే నమ్మేవాళ్లెవరూ లేరు.

చిట్టెలుకనే తీసుకుందాం. దాని గర్భం 19, 20 రోజులు. సుమారు 16వ రోజుకల్లా చూపు తంతువులు అదే కూడలి దాటి, ఎక్కడో మధ్యమెదడు నెత్తిన ఉన్న సుపీరియర్ కొలిక్యులస్ దాకా వెళ్లిపోతాయి. అంత దూరం వాళ్లు వెళ్లొచ్చాక, పిల్ల పుట్టిన రోజున తమరి నాలుగు పోచలు పక్కింటి గుమ్మంలో కనిపిస్తాయి. ఇల్లంతా అల్లుకోవడానికి ఇంకో రెండు వారాలు కావాలి.

ఇంటివాళ్లు మీకోసం కూర్చున్నారనుకుంటున్నారేమో. పిండానికి 15, 16 రోజులు వచ్చేసరికే ఆ గడియారం టిక్కుటిక్కుమంటోంది. వేళ ఎంతైందో తల్లి ఒళ్లే కబురు చేస్తుంది. తల్లి మెదడులో ఆ కేంద్రకాన్ని తీసేసి చూశారు. పిల్లల గడియారాలు ఆగలేదు. కాకపోతే ఒకదానికి తెల్లవారితే ఇంకోదానికి మిట్టమధ్యాహ్నం, ఒకే కాన్పు పిల్లలకి తలో వేళ. అంటే తమరు నడిపేది గడియారాన్ని కాదు, ముల్లు సర్దడమే తమరి ఉద్యోగం.

అయినా ఒక్క సంగతి ఒప్పుకోవాలి. రావడం ఆలస్యమే గానీ వచ్చిన రోజే పనిలో దిగుతారు. వెలుగుని పట్టే దండ, శంకు కణాల కబుర్లు, రెటీనా నుంచి మెదడుకి తంతువులు పంపే గ్యాంగ్లియన్ కణాలకి అందడానికి చిట్టెలుక పిల్లలో సుమారు పదో రోజు కావాలి, కళ్లు విచ్చుకోవడానికి రెండు వారాలు. తమరి తంతువులు పుట్టిన గ్యాంగ్లియన్ కణాల్లో వెలుగుని పసిగట్టే మెలనాప్సిన్ అనే ప్రోటీన్ ఉంది, వాటికి ఎవరి సాయమూ అక్కర్లేదు. ఆరు రోజుల పిల్ల, రెప్పలు అతుక్కునే ఉండగా, వెలుగు పడితే మొహం తిప్పుకుని పాకిపోతుంది. కళ్ల డాక్టర్లు వందేళ్లకు పైగా దండ, శంకు కణాల్నే లెక్కపెట్టుకుంటూ కూర్చుంటే, మెలనాప్సిన్ 1998లో దొరికింది, అదీ కప్ప చర్మంలో! ఈ గ్యాంగ్లియన్ కణాలు తమంతట తామే వెలుగుని పసిగడతాయని 2002లో గానీ తేలలేదు.

తమరు మోసే సమాచారం మరీ పొదుపు. బొమ్మ ఉండదు, అంచు ఉండదు, ఎంత వెలుగు ఎంతసేపు అన్నదే. 480 నానోమీటర్ల దగ్గరి నీలి వెలుగంటే మోజెక్కువ. గ్లుటమేట్, పాకాప్ అనే రెండు రసాయనాలతో కబురు దించేసి చేతులు దులుపుకుంటారు. అదే కబురు సాయంత్రం దాటాక అందితే గడియారం వెనక్కి జరుగుతుంది, తెల్లవారుజామున అందితే ముందుకి. మధ్యాహ్నం అందిస్తే దాదాపు పట్టించుకోదు.

ఇక మిమ్మల్ని చూడబోయేవాళ్ల అవస్థలు. 1972లో రేడియోధార్మిక అమైనో ఆమ్లం కంట్లోకి ఎక్కించి మీ జాడ పట్టారు. ఇప్పుడైతే నరాల తంతువుల వెంట పాకే కలరా టాక్సిన్ బి ఉపభాగానికి మెరిసే రంగు తగిలించి, ఎదిగిన చిట్టెలుక కంట్లో ఒకటి రెండు మైక్రోలీటర్లు ఎక్కిస్తారు, రెండు మూడు రోజులు ఆగి మెదడుని 40 మైక్రాన్ల ముక్కలు కోస్తారు. కేంద్రకం మొత్తం పదిహేను ముక్కల్లో అయిపోతుంది. నాలుగు ముక్కలు చిరిగాయా, చూడ్డానికి మీరు మిగలరు. ఆ రంగు అన్ని గ్యాంగ్లియన్ కణాలకీ పడుతుంది, అందుకే కింద కూడలి నిప్పుకణికలా వెలుగుతుంది. ఆ మంట తట్టుకోలేక కెమెరా వెలుగు తగ్గిస్తే పైన మీ సన్న పోచలు మాయం. సూది లెన్సుకి తగిలినా, రంగు బయటికి కారి రెటీనాలో ఓ మూలే అంటినా అంతే సంగతులు. 'దారి ఇంకా ఏర్పడలేదు' అని రాసేస్తారు, ఆ నింద మీకు. కూడలికీ కేంద్రకానికీ విడివిడిగా ఎక్స్‌పోజర్ పెట్టండి, రెటీనాని కూడా విప్పి పరిచి రంగు అంతటా పట్టిందో లేదో చూడండి అంటే వినేవాళ్లు తక్కువ.

పోచ కనిపించినంత మాత్రాన పని జరుగుతోందని కాదు. అందుకు పిల్లకి రాత్రి వేళ అరగంట వెలుగు చూపించి, గంటన్నర కల్లా కేంద్రకంలో ఫాస్ ప్రోటీన్ (నాడీకణం ఉలిక్కిపడితే అందులో పుట్టేది) లెక్కించాలి. చీకట్లోనే ఉంచిన తోబుట్టువు పక్కన లేకపోతే ఆ లెక్క చెల్లదు. పిల్లని చేత్తో పట్టుకున్నందుకు వచ్చిందో, వెలుగుకి వచ్చిందో ఎవరు చెప్పగలరు?

ఇంత తిట్టీ మిమ్మల్ని తీసేయమనడం లేదు. 2008లో చిట్టెలుకల్లో మెలనాప్సిన్ కణాల్ని చంపి చూశారు. చూపు నిలిచింది, గడియారం మాత్రం పగలూ రాత్రితో పొత్తు వదిలేసి తిరిగింది. మెలనాప్సిన్ ఒక్కదాన్నే తీసేస్తే దండ, శంకు కణాలు మీ తంతువుల మీదే కబురు పంపి ఎలాగో నెట్టుకొచ్చాయి. మనిషి గడియారం సగటున 24.2 గంటలది. మీరు తెగిపోతే అది రోజుకి 12 నిమిషాలు జారుతూ, నాలుగు నెలలకి ఓ చుట్టు తిరిగొస్తుంది.

ఇట్లు,
మెదడు ముక్కలు కోసుకునేవాళ్లు

తా.క. పసిపిల్లలు మొదటి రెండు మూడు నెలలు పగలూ రాత్రీ తేడా లేకుండా లేస్తారన్న ఫిర్యాదులో మీ పేరు కొట్టేశాం. మనిషి పిల్లలో 36 వారాల గర్భానికే మీరు కనిపించారు. ఇక అనుమానం గడియారం నుంచి బయటికెళ్లే దారి మీదే: వెన్నుపాములోకి దిగి, మెడలో గ్యాంగ్లియన్ అనే నాడీకణాల ముడి దగ్గర మళ్లీ పైకెక్కి, రాత్రి హార్మోన్ మెలటోనిన్ వదిలే పీనియల్ గ్రంథికి పోయే ఆ చుట్టుదారి. దానికి ఇంకో లేఖ సిద్ధమవుతోంది.