సవరణ: కొత్త నిబంధనలో ఆజ్ఞ ఎక్కడికి వెళ్లింది?

"కొత్త నిబంధన వచ్చాక ధర్మశాస్త్రంతో మనకు పనిలేదు" అని ఇంతకుముందు ఒక వ్యాసంలో రాశాను. (కొత్త నిబంధన అంటే ఇక్కడ బైబిల్ రెండో భాగం కాదు, దేవుడు తన ప్రజలతో చేస్తానన్న కొత్త ఒడంబడిక. ధర్మశాస్త్రం అంటే మోషే ద్వారా ఇచ్చిన ఆజ్ఞలు.) అది తప్పు. ఆ మాట చదివి ఎవరైనా తేలికపడి ఉంటే, లేదా నొచ్చుకుని ఉంటే, క్షమించండి.

ఆ కొత్త నిబంధన వాగ్దానం ఉన్న చోటు, బైబిల్లో యిర్మీయా ప్రవక్త గ్రంథం 31:31-34, మళ్లీ నిదానంగా చదివాను. దేవుడు అక్కడ ధర్మవిధిని, అంటే ధర్మశాస్త్రాన్ని, తీసేస్తానని అనలేదు, హృదయం మీద రాస్తానన్నాడు. ఒకప్పుడు రాతిపలకల మీద ఉన్నది ఇప్పుడు లోపలికి వచ్చింది. అంటే ఎవరూ చూడని చోట ఫోన్‌లో ఒక అబద్ధం టైప్ చేసి, పంపేముందు వేలు ఆగిపోతుందే, అక్కడికి. బలుల వ్యవస్థ క్రీస్తులో నెరవేరిందని హెబ్రీ పత్రిక చెబుతుంది, నిజమే. కానీ ప్రేమించమన్న ఆజ్ఞ రద్దు కాలేదు.

ఇంకోటి. ఆ వాగ్దానం మొదట ఇశ్రాయేలు, యూదా వంశాలవారికి ఇచ్చినదని నేను అసలు ప్రస్తావించలేదు. అన్యజనులమైన, అంటే యూదులం కాని, మనం అంటుకట్టిన కొమ్మలమని రోమా 11 గుర్తుచేస్తుంది, గర్వపడొద్దని కూడా.

"నా రక్తము వలననైన క్రొత్త నిబంధన" అని యేసు శిష్యులతో చివరి భోజనంలో గిన్నె పట్టుకుని చెప్పిన మాట (లూకా 22:20) గురించి ఆ వ్యాసంలో రాసిన భాగంలో మార్పు లేదు. పాపక్షమాపణ ఉచితమే. ఆ క్షమాపణ పొందినవాళ్ల హృదయం మీదే ఆయన రాస్తున్నాడు.