ఎవరికి తగదు సార్?

మా కూకట్‌పల్లి అపార్ట్‌మెంట్‌లో గత నెల లిఫ్ట్ పక్కన ఒక నోటీసు వెలిసింది. లిఫ్ట్ ముందు చెప్పులు విడవడం 'ఇనప్రోప్రియేట్' అట. ఇంగ్లిష్‌లో ఉంది కాబట్టి అందరూ గౌరవించారు. దాని కిందే చెప్పులు విడిచి, ఒకసారి చదివి, లోపలికి వెళ్లారు.

"గీ మాటకు అర్థమేంది సార్?" అని వాచ్‌మన్ అడిగాడు.

"తగనిది" అన్నాను.

"ఎవరికి తగదు సార్?"

దొరికిపోయాను. తగదు అనగానే తెలుగువాడికి ఒక మనిషి కావాలి: నీకు తగదు, పెద్దమనిషికి తగదు. ఇంగ్లిష్‌లోనూ 'ఫర్' తగిలించి ఎవరికో చెప్పొచ్చు. చెప్పకపోయినా వ్యాకరణం ఏమీ అనదు. చేసినవాడు ఉండడు, చేసిన పని కనపడదు, విశేషణం ఒక్కటే ఏసీ గదిలో కాలు మీద కాలేసుకుని కూర్చుంటుంది. మాదాపూర్ ఆఫీసుల్లో ఈ మాటకు అంత గిరాకీ అందుకే. నిక్కరుతో ఆఫీసుకొచ్చినా ఇనప్రోప్రియేటే, మేనేజర్ ఆడపిల్లను వేధించినా ఇనప్రోప్రియేటే. రెండోదాన్ని లైంగిక వేధింపు అని పేరు పెట్టి పిలుస్తూ 2013లో పార్లమెంటు చట్టమే చేసింది. పాపం, పార్లమెంటుకు మెయిల్ రాయడం రాదు.

ఇక వంశవృక్షం చూద్దాం. లాటిన్‌లో 'ప్రోప్రియస్' అంటే సొంతమైనది. దాన్నుంచే 'అప్రోప్రియేట్' పుట్టింది. విశేషణమైతే తగినది, క్రియ అయితే సొంతం చేసుకోవడం. బడ్జెట్ వేళ అసెంబ్లీలో పెట్టే ద్రవ్య వినిమయ బిల్లు ఇంగ్లిష్ పేరులో ఉన్నది ఈ క్రియే. పలకడంలో తేడా చివర్లో తెలుస్తుంది: విశేషణానికి 'ప్రియట్' అని కురచగా, క్రియకు 'ప్రియేట్' అని సాగదీసి. (మా నోటీసును అందరూ సాగదీసే చదివారు.) చెరువు నిండితే నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో చూపే ఎఫ్‌టీఎల్ రాయిని రాత్రికి రాత్రి జరిపేవాడికి ఈ పాఠం అక్కర్లేదు. ఆయన క్రియ పట్టుకుని ప్లాట్లు వేస్తాడు. మనం విశేషణం పట్టుకుని నిట్టూరుస్తాం.

మా వాచ్‌మన్ మర్నాడు నోటీసు కింద గోడ మీద చాక్‌పీసుతో తన అనువాదం రాశాడు: "ఈడ చెప్పులిడిస్తే చెత్తబండిల ఏస్త."

మూడు రోజులు ఒక్క చెప్పు లేదు. నాలుగోనాడు కమిటీ కూర్చుని, చాయ్ తాగి, ఆ భాష ఇనప్రోప్రియేట్ అని తీర్మానించింది. తుడిచేయమన్నారు, తుడిచేశాడు.

సాయంత్రానికి 7 జతలు.