కోడీ కుంపటీ కేసు: పునర్విచారణకు వినతి

తెలుగునాట తరతరాలుగా ఒక ముసలమ్మకి అన్యాయం జరుగుతోంది. ఆవిడ పేరెవరికీ తెలియదు, ఊరూ తెలియదు. ఆవిడకో కోడీ, ఒక కుంపటీ ఉండేవని మాత్రం అందరికీ తెలుసు. తన కోడి కూస్తేనే ఊరికి తెల్లవారుతుందనీ, తన కుంపట్లోంచి నిప్పు పట్టుకెళితేనే ఊళ్లో పొయ్యిలు వెలుగుతాయనీ ఆవిడ నమ్మింది. అందుకు మనం చేసిన సన్మానం ఒక సామెత. ఎవరైనా కాస్త బడాయి పోతే చాలు, నీ కోడీ కుంపటీ లేకపోతే తెల్లవారదా అంటూ ఆవిడ పరువుని మళ్లీ బజార్న పడేస్తాం.

కేసు కాగితాలు నేను మొదట్నించీ తిరగేశాను. ముసలమ్మ దగ్గరున్న ఆధారం ఆషామాషీది కాదు. ఒక వరుసలో కోడి కూసిన వేళ, పక్క వరుసలో తెల్లారిన వేళ. చలికాలంలో తెల్లారడం ఆలస్యమైతే కూతా ఆలస్యమే. వేసవిలో అదీ ముందే, ఇదీ ముందే. ఏడాదికి 365 జతలు. పదేళ్లు కోళ్లు పెంచిందనుకున్నా 3,650. పొద్దున్నే టీవీలో టై కట్టుకుని ‘తాజా అధ్యయనంలో తేలింది’ అని చెప్పేవాళ్ల చేతిలో ఇందులో పదో వంతు ఉంటే గొప్ప.

మరి ఆవిడ ఓడిపోయిందెక్కడ? వ్యాకరణంలో. చిన్నప్పుడు ఎక్కాల్లాగా బట్టీపట్టిన విభక్తులు ఒకసారి గుర్తు చేసుకోండి. చేతన్, చేన్, తోడన్, తోన్ తృతీయా విభక్తి. వలనన్, కంటెన్, పట్టి పంచమీ విభక్తి. కూత తోడ తెల్లవారింది అంటే తృతీయ. కూత వలన తెల్లవారింది అంటే పంచమి. రెంటికీ మధ్య చతుర్థి ఉంది: కొఱకున్, కై. తృతీయ నుంచి పంచమికి వెళ్లే బండి ఏదైనా చతుర్థి స్టేషన్లో ఆగి తీరాలి. ఎవరి కొరకు, దేనికై అన్న టికెట్లు అక్కడే ఇస్తారు. గణాంకాల సంగతి నాకు తెలిసినంతవరకూ ఇంతే. మిగతాదంతా వివరం.

వివరం కూడా చెప్పాలి కనుక చెబుతాను. 1888లో ఫ్రాన్సిస్ గాల్టన్ అనే దొర లండన్‌లో సుమారు 350 మంది మగవాళ్ల ఎత్తూ, మోచేతి నుంచి వేలి కొస దాకా పొడవూ పక్కపక్కన పెట్టి చూశాడు. ఆ పొడవుని మనం మూర అంటాం, మల్లెపూలు కొనేటప్పుడు వాడతాం. ఎత్తుకీ మూరకీ సంబంధం 0.8 అని ఆయన తేల్చాడు. పొడుగుచేతుల పూలావిడ దగ్గరే కొనాలని మన ఆడవాళ్లకి ఎప్పట్నుంచో తెలుసు. దానికి దశాంశ బిందువు పెట్టిన ఘనత మాత్రం గాల్టన్‌దే. మరో ఎనిమిదేళ్లకి కార్ల్ పియర్సన్ ఇప్పుడు పాఠ్యపుస్తకాల్లో ఉన్న సూత్రాన్ని అమర్చాడు. ప్రతి అంకె తన వరుస సగటుకి ఎంత పైనుందో, ఎంత కిందుందో చూడాలి. జతలోని రెండు తేడాలనీ గుణించాలి. రెండూ పైనున్నా, రెండూ కిందున్నా లబ్ధం ధనం. ఒకటి పైన, ఒకటి కింద ఉంటే ఋణం. అన్నీ కలిపి, ఆ వరుసల ఊగిసలాట ఎంతో లెక్కగట్టి దానితో భాగిస్తే వచ్చేదే సహసంబంధ గుణకం. ఒకరు తానా అంటే రెండోవారు తందానా అంటున్నారా, +1. ఎడ్డెమంటే తెడ్డెమా, −1. ఎవరి దారి వారిదైతే సున్నా. సూత్రమంతా భూతద్దం పెట్టి వెతికాను. ‘వలనన్’ ఎక్కడా లేదు. అది బయట్నుంచి తెచ్చి పెట్టుకోవలసిందే.

బయట్నుంచి తేవడంలో మా బాబాయిని మించినవాడు లేడు. 2011 ఏప్రిల్ 2న వాంఖడేలో సచిన్ 18కి అవుటవగానే ఆయన టీవీని నాలుగు తిట్టి డాబా ఎక్కేశాడు. కింద గంభీర్ 97, ధోనీ 91 కొట్టి కప్పు తెచ్చారు. కారణం ఇంట్లో అందరికీ వెంటనే అర్థమైంది. అప్పట్నుంచీ ముఖ్యమైన మ్యాచ్ అంటే పిన్ని డాబా మీద కుర్చీ, మంచినీళ్ల చెంబు సిద్ధం చేస్తుంది. దేశం కోసం ఆయన పన్నెండేళ్లు ఒక్క ఫైనలూ చూడలేదు. 2023 నవంబర్ 19న అహ్మదాబాద్ ఫైనల్ మొత్తం డాబా మీదే ఉన్నాడు, అయినా ఓడిపోయాం. కుటుంబం విచారణ జరిపింది. ఆయన జేబులో ఫోను పెట్టుకుని దొంగచాటుగా స్కోరు చూశాడని తేలింది. సిద్ధాంతం క్షేమం.

నవ్వకండి. పెద్దవాళ్ల ఇళ్లలోనూ ఇదే జరిగింది. ఇంగ్లండ్, వేల్స్‌లలో 1866 నుంచి 1911 దాకా జరిగిన పెళ్లిళ్లలో ఇంగ్లండ్ చర్చి చేయించినవి ఎంత శాతమో ఒక వరుస, వెయ్యిమందికి ఎందరు చనిపోయారో ఇంకో వరుస రాసి, ఉడ్నీ యూల్ అనే గణాంక శాస్త్రవేత్త 1926లో గుణకం లెక్కించాడు. 0.9512. గాల్టన్ మూరలకి కూడా అంత రాలేదు. ఈ లెక్కన రిజిస్టరాఫీసులో దండలు మార్చుకోవడం కన్నా ఆయుష్షు పెంచే మందు లేదు. యూల్ తెలివైనవాడు కనుక చర్చిలకి తాళాలు వేయించమనలేదు. రెండు వరుసలూ ఎవరి కారణాలతో వాళ్లు నలభై ఏళ్లపాటు కిందికి జారుతున్నాయి; కలిసి జారేవాటికి గుణకం పెద్దదే వస్తుంది, దానికి ‘అర్థంలేని సహసంబంధం’ అని పేరు పెట్టాడు.

మనకి జారేవాటి కన్నా ఎక్కేవి ఎక్కువ. గత ముప్పై ఏళ్లలో మన దగ్గర ఇంజనీరింగ్ సీట్లు పెరిగాయి, బిర్యానీ సెంటర్లు పెరిగాయి, మోకాళ్ల నొప్పులు పెరిగాయి, శ్రావణమాసంలో పట్టుచీరల ధరలు పెరిగాయి. ఇందులో ఏ రెంటిని పట్టుకున్నా గుణకం ఒకటికి దగ్గర్లో పలుకుతుంది. బిర్యానీ వల్ల ఇంజనీర్లా, ఇంజనీర్ల వల్ల మోకాళ్లా అన్నది మీరు ఏ దుకాణం నడుపుతున్నారన్న దాన్నిబట్టి ఉంటుంది. చతుర్థీ విభక్తి అని ముందే మనవి చేశాను.

2012లో న్యూయార్క్‌లోని వైద్యుడొకాయన పేరున్న వైద్య పత్రికలోనే 23 దేశాల చాక్లెట్ వాడకాన్నీ, కోటిమందికి వచ్చిన నోబెల్ బహుమతుల్నీ పక్కపక్కన పెట్టి 0.791 రాబట్టాడు. స్విట్జర్లాండ్ అన్నింటికన్నా పైన. తాను రోజూ చాక్లెట్ తింటానని వ్యాసం చివర నిజాయితీగా ఒప్పుకున్నాడు కూడా. ఆత్రేయపురం వాళ్లు ఇన్నేళ్లుగా పూతరేకులు చుడుతూ ఒక్క వరుసా రాసి పెట్టుకోకపోవడం మన దౌర్భాగ్యం.

ఇంతకీ తృతీయతోనే గుట్టుగా కాపురం చేసిన మహానుభావుడు ఒకాయన ఉన్నాడు. ఆయన్ని తెలుగువాళ్లు తలుచుకోవలసినంతగా తలుచుకోరు. 1876 నుంచి రెండేళ్లు రాయలసీమని తుడిచిపెట్టిన ధాత కరువు, 1899లో మళ్లీ ముఖం చాటేసిన వానలు చూశాక, వరుణుడి మనసు ముందే చెప్పే మనిషి కావాలనుకుంది ప్రభుత్వం. 1904లో కేంబ్రిడ్జి గణితజ్ఞుడు గిల్బర్ట్ వాకర్‌ని తెచ్చి వాతావరణ శాఖ మీద కూర్చోబెట్టింది. ఆయన చదివింది వాతావరణం కాదు. బూమరాంగ్ విసరడంలో మాత్రం దిట్ట. (1913లో మద్రాసు వచ్చినప్పుడు, అప్పటికి గుమాస్తాగా ఉన్న రామానుజన్ లెక్కలు చూసి విశ్వవిద్యాలయానికి సిఫారసు రాసింది ఈయనే. గుమాస్తాల విలువ తెలిసిన దొర.) ఆ గుమాస్తాలనే దండుగా కూర్చోబెట్టి, కంప్యూటర్లు లేని రోజుల్లో, ప్రపంచంలో ఎక్కడెక్కడి అంకెలో మన వానలతో గుణించించాడు. హిమాలయాల మంచు, మారిషస్ గాలి పీడనం, దక్షిణ అమెరికా పీడనం, జాంజిబార్ వాన. అనంతపురం రైతు ఆకాశం వైపు చూస్తుంటే వాకర్ జాంజిబార్ వైపు చూశాడు. జాంజిబార్‌కీ అనంతపురానికీ ఏమిటి సంబంధమయ్యా అంటే ఆయన దగ్గర ఒక దశాంశ సంఖ్య ఉంది, అంతకు మించి లేదు. ఆ వెతుకులాటలోనే పసిఫిక్ సముద్రం ఒక కొసన పీడనం పెరిగితే ఇంకో కొస దగ్గర తగ్గుతుందని, ఉయ్యాలబల్ల లాంటి ఆ ఊపుకీ మన వానలకీ ముడి ఉందని కనిపెట్టాడు. ఆ ఊపు ఎందుకన్నది జాకబ్ బ్యెర్క్‌నెస్ అనే వాతావరణ శాస్త్రవేత్త విడమరిచి చెప్పేసరికి 1969 అయింది. వాకర్ 1958లోనే పోయాడు. పంచమీ విభక్తి ఆయన మాసికాలు, తద్దినాలు అన్నీ దాటి పదకొండేళ్ల తర్వాత వచ్చింది.

వచ్చాకైనా కుదురుగా ఉందా అంటే, 1997లో ఎల్ నినో (ఆ ఊపుతో పాటే పసిఫిక్ నీళ్లు వేడెక్కడం) భయంకరంగా ముదిరింది, కరువు ఖాయమనుకున్నారు, దేశం మొత్తం మీద సగటు కన్నా రెండు శాతం ఎక్కువే కురిసింది. మన వాతావరణ శాఖ 1988 నుంచి 16 సూచికల నమూనాతో జోస్యం చెప్పేది. పదహారు అనగానే నాకు షోడశోపచారాలు గుర్తొస్తాయి, వాళ్లకి గుర్తొచ్చాయో లేదో. 2002లో సాధారణ వర్షపాతం అన్నారు. 19 శాతం తక్కువ పడింది. ఉపచారాల్లో లోపం జరిగిందని గ్రహించి పూజావిధానం మార్చేశారు. వరుణుడి మీద మాత్రం ఎవరూ చర్య తీసుకోలేదు.

ఇప్పుడు అసలు నేరస్థుల దగ్గరికి వస్తాను. ఫలితాలొచ్చిన రాత్రి టీవీ పెడితే ‘ఒకటి, ఒకటి, ఒకటి, రెండు, రెండు’ అని ఒక గొంతు చెవులు చిల్లులు పడేలా అరుస్తుంది. ఆ కాలేజీలో ర్యాంకులున్నమాట నిజం. పదో తరగతిలో ఉండగానే పరీక్ష పెట్టి, రేపు ర్యాంకు కొట్టేవాణ్ని పసిగట్టి, ఫీజు మాఫీ చేసి తెచ్చుకున్నారన్నదీ నిజమే. మిగతా వేలమంది కట్టిన ఫీజులతో ఆ మాఫీ నడుస్తుంది. ఆ వేలమంది ఏ వరుసలోనూ ఉండరు. కోడిని కొని తెచ్చి, తూర్పు తెల్లబడ్డాక గంప ఎత్తి, ‘మా కూత వల్లే’ అని హోర్డింగు కట్టడం ఇది.

ముసలమ్మ ఇంత పని చేయలేదు. కూసిందా లేదా, తెల్లారిందా లేదా అని రాసుకుంటే రెండు వరుసల్లోనూ ‘అవును’ తప్ప మరోటి ఉండదని, మారని వరుసలకి ఆ సూత్రం సున్నాని సున్నాతో భాగించమంటుందని ఆవిడకి ఎవరు చెప్పారో! కోడి లేని తెల్లవారుజాము ఒక్కటైనా కావాలి. అందుకే కోడినీ కుంపటినీ చంకన పెట్టుకుని అడవికి పోయి కూర్చుంది. అటుగా వచ్చిన ఊరివాణ్ని పిలిచి, ‘ఏం నాయనా, ఊళ్లో తెల్లారిందా?’ అని అడిగింది. సొంత ఖర్చుతో ప్రయోగం చేసి, ఫలితం తనకి వ్యతిరేకంగా వచ్చే వీలున్నా అడిగి తెలుసుకుంది. ఏ కాలేజీ అయినా ఒక్క ఏడాది తలుపులు మూసుకుని, ర్యాంకులు ఆగిపోయాయా అని అడగమనండి.

ఇక్కడ ఇంకో రకం పెద్దమనుషులున్నారు. సాంఖ్యక శాస్త్రవేత్త సి.ఆర్. రావు గారు మనకి తెలుసు. ఎనిమిదో సంతానం కనుక కృష్ణుడి పేరు పెట్టారట. ఎనిమిదో కాన్పుకీ సాంఖ్యక శాస్త్రానికీ గుణకం ఎంతో ఎవరూ లెక్కేయలేదు. వాల్తేరులో ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో లెక్కలు చదివి, కేంబ్రిడ్జి వెళ్లి, 1948లో ఆయన డాక్టరేట్ పుచ్చుకున్నది రోనాల్డ్ ఫిషర్ దగ్గర. అంతటి గురువు. పొగతాగేవాళ్లకే ఊపిరితిత్తుల క్యాన్సర్ ఎక్కువని 1950లో డాల్, హిల్ అనే ఇద్దరు అంకెలు చూపిస్తే, ఆ తర్వాత ఫిషర్ పైపు నోట్లో పెట్టుకునే అభ్యంతరం చెప్పాడు. అలవాటునీ రోగాన్నీ రెంటినీ తెచ్చే జన్యువు ఉండొచ్చు కదా. లోపల మొదలవుతున్న రోగమే మనిషి చేత సిగరెట్ వెలిగిస్తోందేమో. తర్కంలో వేలు పెట్టడానికి సందు లేదు. ఆయన అప్పటికి పొగాకు తయారీదార్లకి సలహాదారు. వాళ్లకి కావలసిందీ పంచమీ విభక్తే, చివర చిన్న ముక్క తగిలించి: మా వల్ల కాదు.

డాల్, హిల్ వాదించుకుంటూ కూర్చోలేదు. 1951 నుంచి బ్రిటన్‌లో వేలాది డాక్టర్ల వెంటపడి, ఎవరు రోజుకెన్ని కాలుస్తున్నారో, ఎవరు ఎప్పుడు మానేశారో, ఎవరు ఎలా పోయారో రాసుకుంటూ వెళ్లారు. మానేసినవాళ్లలో చావులు తగ్గాయి. అంటే కొందరు డాక్టర్లు తమ కోడిని తీసుకుని అడవికి పోయారన్నమాట. ఆ లెక్కలో ముసలమ్మ పేరు ఎక్కడా ఉదహరించలేదు, గమనించగలరు.

మా బాబాయి సంగతి మరిచాను. 2024 జూన్ 29న బార్బడోస్ ఫైనల్ రాత్రి ఎనిమిదింటికి మొదలైంది. ఉక్కపోతకి డాబా ఎక్కలేక ఆయన పెరుగన్నం తిని హాల్లోనే, టీవీ ఎదురుగానే గుర్రుపెట్టి నిద్రపోయాడు. ఏడు పరుగులతో గెలిచాం. డాబా కుర్చీని ఆ వారమే పాతసామాన్లవాడికి ఇచ్చేశారు. వచ్చే ఫైనల్ రోజు సాయంత్రం ఆరింటికల్లా పెరుగన్నం కలపాలని తీర్మానమైంది. ఆవకాయ ఉండాలా, మాగాయ ఉండాలా అన్నది మాత్రం పిన్నికి సరిగ్గా గుర్తు లేదు.