కేబుళ్లను దాచిపెడితే ఎవరికి లాభం?

కొత్త మౌంటెన్ బైకుల గురించి ఇక్కడ వచ్చిన వ్యాసం చదివి ఈ వ్యాఖ్య రాస్తున్నాను. ఆ బైకులన్నిటికీ సస్పెన్షన్, అంటే కుదుపులను మింగే కదలిక, పెరిగిందని వ్యాసకర్త సంబరపడ్డారు. బెంగళూరులో తొక్కే నాకు ఆ సంబరం సగమే అంటింది. మా తురహళ్లి అడవి దారుల్లో ఉండేవి రాతి బండలు, చిన్న చిన్న ఎత్తులు. అక్కడికి 120 మిల్లీమీటర్ల కదలిక చాలు, 160 అంటే ఎక్కేటప్పుడు ఊరికే మోసే బరువు. ముందు 29, వెనక 27.5 అంగుళాల చక్రాలు మాత్రం నాకూ నచ్చాయి. నాలాంటి పొట్టివాళ్లు వాలులో వెనక్కి జరిగితే టైరు తగలదు. 2019లో అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య యూసీఐ పోటీల్లో అనుమతించాక ఈ అమరిక బాగా వ్యాపించింది.

నా అసలు కోపం హెడ్‌సెట్‌లోంచి, అంటే హ్యాండిల్ తిరిగే చోట ఉండే బేరింగుల మధ్య నుంచి, ఫ్రేములోకి దూర్చిన బ్రేకు, గేరు కేబుళ్ల మీద. ఫొటోలో ముచ్చటగా ఉందని పైన వ్యాఖ్యల్లో చాలామంది మురిసిపోయారు. సరే, వానాకాలం ఎర్రమట్టి నీళ్లు లోపలికి చేరి బేరింగు అరిగాక చూడండి. దాన్ని మార్చాలంటే చాలా బైకుల్లో వెనక బ్రేకు గొట్టాన్నీ విప్పాలి, మళ్లీ బిగించి బ్రేకు ద్రవంలోని గాలి బుడగలు తీయాలి. చిన్న పనికి ఒక పూట పోతుంది, కూలీ కూడా రెట్టింపు. ఇది ఎవరు అడిగిన సౌకర్యం?

చైనును ఒక గేరు నుంచి ఇంకో గేరుకు మార్చే డిరైల్యూర్‌ను ఫ్రేముకు పట్టి ఉంచే ముక్క, హ్యాంగర్ గురించి వ్యాసంలో ఒక్క వాక్యమే ఉంది. సైకిల్ విడిభాగాల కంపెనీ శ్రామ్ 2019లో తెచ్చిన ఉమ్మడి నమూనా వల్ల అనేక కంపెనీల ఫ్రేములకు ఒకటే ముక్క సరిపోతోంది. బండకు తగిలి వంగితే విదేశాల నుంచి తెప్పించుకునే బాధ తప్పింది. నాకు కొత్త బైకుల రంగులకన్నా ఇదే పెద్ద వార్త.

వ్యాసకర్తగారూ, ఇంతకీ మీరు చూసిన బైకుల్లో కేబుళ్లు ఫ్రేము పక్కనుంచి వెళ్లేవి ఏవో చెప్పగలరా?